పచ్చి డప్పు

"నిజాం పాదుషా రాజ్యం పోయిందని చాటు. అడివిల ఉన్న సంగపోళ్లు పొద్దు గూకకముందే చావడికొచ్చి తుపాకులు అప్పజెప్తే మాఫీ. పొద్దు గూకినంక కనవడ్డోన్ని యూనియన్ మిలిటరీ కాల్చి పారేస్తది. సమజయ్యిందా?"

పోలీసు పటేల్ మాటలకు కొమురెల్లి తలెత్తి చూశాడు. మొన్నటిదాకా పటేల్ నెత్తి మీద ఎర్ర రూమీ టోపీ ఉండేది. ఇవాళ తెల్ల ఖద్దరు టోపీ ఉంది.

"పాదుషా సచ్చిపోయిండా దొరా?"

"సావలేరా. మహల్లనే ఉన్నడు. రాజ్యం పోయింది. ఐదే దినాలల్ల."

కొమురెల్లికి నవ్వొచ్చినంత పనైంది. చాటింపు వాళ్ల ఇంటి పని. ఒక పాదుషా పోయి కొడుకు గద్దెనెక్కాడని తాత చాటాడు. ఆ కొడుకు పోయి మనవడు ఎక్కాడని తండ్రి చాటాడు. రెండు వందల ఏళ్లుగా పాదుషాలు పోతూనే ఉన్నారు గాని పాదుషాహి పోలేదు. పాదుషా బతికి మహల్లో కూర్చునుండగా రాజ్యం ఎట్లా పోతుంది? అబద్ధమాడినా అతికినట్టుండాలి!

పైగా పోయిన నెల ఇదే పటేల్ ఇట్లాగే మాఫీ అని చాటించాడు. కొమురెల్లి నమ్మి, డప్పు కాచి మరీ కొట్టాడు. అది విని ఇద్దరు పిల్లగాళ్లు అడవి దిగొచ్చారు. రజాకార్లు వాళ్లను ఈ చావడి గోడకే నిలబెట్టి కాల్చారు. గోడకు పూసిన సున్నం ఇంకా కొత్తగానే ఉంది.

ఆ రోజు సంగంలో ఉన్న కొమురెల్లి కొడుకు ముత్యం కూడా అడవి దిగుతూ, తుపాకుల చప్పుడు విని సగం దారిలోంచి వెనక్కి మళ్లాడు. ఆ తర్వాతే తండ్రీకొడుకులు ఒక మాట అనుకున్నారు. మంట మీద కాచిన డప్పు కణకణ మోగితే రావాలి. కాచని పచ్చి డప్పు దబ్బుదబ్బుమంటే ఉన్నచోటు నుంచి కదలొద్దు.

ఇంటికొచ్చి కొమురెల్లి డప్పు భుజానికి తగిలించుకున్నాడు. భార్య లస్మవ్వ గడ్డికట్ట పట్టుకుని ఎదురొచ్చింది.

"మంట పెడుతున్న, ఆగు."

"వద్దు."

"పచ్చి డప్పు కొడితే కొడుకు రాడయ్యా!"

"రావద్దనే."

"నీ కాళ్లు మొక్కుత, జర ఆలోచించు. పొద్దుగాల లారీల సప్పుడు ఇనలేదా? గడీ మీద పాదుషా జెండా సుత దించిన్రట."

"దించిన జెండ మళ్ల ఎక్కుతది. పటేల్ టోపీ మార్చినంత మాత్రాన పాదుషాహి పోతదా, పిచ్చిదానా?"

"నిజమైతే? పొద్దు గూకితే కాల్చి పారేస్తరంటున్నరు గదా!"

"గది సుత బెదిరింపే. నిజమైతే రేపు నేనే పోయి తోలుకొస్త. అబద్ధమైతే రేపేం తోలుకొస్తనే, పీనుగనా?"

లస్మవ్వ గడ్డికట్ట కింద పడేసి ఏడ్చింది.

ఊరంతా తిరిగి, గుట్టల కింద గోదావరి ఒడ్డు దాకా పోయి చాటాడు కొమురెల్లి. వానకు నానిన డప్పు గోనెసంచి మీద కొట్టినట్టు మోగింది. "ఏం కొమురెల్లీ, పాదుషా పోయిండని నీ డప్పు సుత ఏడుస్తుందా?" అని జనం నవ్వారు. నవ్వితే నవ్వారు. నోరు పటేల్ మాట చెబుతుంటే చేతులు తన మాట చెబుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక చాటింపులో అతనికి సంతోషం కలగడం అదే మొదలు.

పొద్దు వాలాక చావడికి తిరిగొచ్చాడు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. బయట రెండు మిలిటరీ లారీలు. ముందర పటేల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరుగు మీద సంగం పిల్లగాళ్లు ఐదుగురు రొట్టెలు తింటున్నారు. వాళ్ల తుపాకులు ఓ మూల కుప్పగా పడి ఉన్నాయి. వాళ్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

"మా ముత్యం ఏడి?" కొమురెల్లి వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూశాడు.

"రాలే కాకా. లారీలు చూసి మేం దిగొచ్చినం. చెయ్యి పట్టి గుంజినం. డప్పు పచ్చిగుంది, నేను రానన్నడు."

అయ్యో! కొమురెల్లి ఇంటికి పరుగెత్తాడు. ఆ మాట అప్పటికే విన్న లస్మవ్వ గడ్డికి నిప్పంటించి ఉంది. డప్పు అటు తిప్పి ఇటు తిప్పి కాచాడు. తడి చర్మం బిగిసేసరికి చాలాసేపు పట్టింది. అప్పటికి లారీలు గుట్టల వైపు కదిలిపోయాయి.

ఊరి బయటికొచ్చి కొట్టాడు. కణకణమని గుట్టలు తిరిగి పలికాయి. పొద్దు గూకింది. అయినా ఆపలేదు. చేతులు పడిపోయేదాకా కొట్టాడు. బిడ్డ విననీ, ఒక్కసారి విననీ అని కొట్టాడు.

గుట్టల దగ్గర ఒకే ఒక్క తుపాకీ పేలింది.

కాసేపటికి లారీ తిరిగొచ్చింది. దారి చూపడానికి వెంట పోయిన పటేల్ దిగాడు. టోపీ చేతిలో ఉంది. కొమురెల్లి ముఖంలోకి చూడలేక డప్పు వైపు చూస్తూ అన్నాడు.

"వాడు మాకు దొరకనే లేదురా. మిలిటరీ ఎనుకకు మర్రింది సుత. గప్పుడే నీ డప్పు ఇనొచ్చింది. తుపాకి భుజానేసుకొని, 'వస్తున్న బాపూ' అనుకుంట తనంతట తనే బయటికొచ్చిండు."