పుస్తెలతాడు లేని మెడ

శిక్షణ కేంద్రం వాళ్లు నా భార్య నాంచారమ్మ పనితనాన్ని దొంగిలించారు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

ఇప్పుడు పదో తరగతి దాటిన వాళ్లందరికీ బడిలోనే ఆ కేంద్రం తయారుచేసిన యంత్రపు చేతి తొడుగులు ఇస్తున్నారు. తొడుక్కుంటే అవే చేతులను ఆడించి పని నేర్పుతాయి, పని వెంట ఉద్యోగం వస్తుంది. నేత తొడుగుల్లో ఉన్నవి నాంచారమ్మ చేతులే. బతికుండగా ఆమెను మగ్గం మీద కూర్చోబెట్టి కదలికలన్నీ యంత్రంలోకి పట్టుకున్నారు. ఆమె పోయాక, అది యంత్రం కనిపెట్టిన పద్ధతి అని చాటుకున్నారు.

పట్టాలిచ్చే రోజున అందరి ముందూ నిలదీశాను. కేంద్రం అధికారిణి హేమలత నవ్వింది.

"రుజువేంటి బాబాయ్?"

ఎదురుగా తొడుగులు వేసుకుని నేసి చూపిస్తున్న కుర్రాడి మగ్గం మీద ఒక పోగు తెంపాను. వాడు అతకడానికి వంగబోతూ, మెడలోంచి ఏదో తీసి వీపు మీదికి వేసుకున్నట్టు చేశాడు.

"ఏం తీశావురా?"

"ఏమో తాతా, తొడుగు చేయించింది."

"నీ మెడలో ఏముంది?"

"చెమట."

జనం గొల్లుమన్నారు. నేను హేమలత వైపు తిరిగాను.

"పుస్తెలతాడమ్మా అది. పడుగు పోగుల్లో చిక్కుకుంటుందని మా నాంచారమ్మ వంగేముందు వెనక్కి వేసుకునేది. మీ యంత్రానికి పెళ్లెప్పుడైంది?"

తొడుగులకు నాంచారమ్మ పేరు పెట్టిస్తామని ఆమె అందరి ముందే ఒప్పుకుంది.

ఇప్పుడు ఏ ఊళ్లో ఎవరు తొడుక్కున్నా, నేత తొడుగు ముందుగా "నాంచారమ్మ పనితనం" అని పలికాకే కదులుతుంది. హేమలత శాలువా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గడప తొక్కనివ్వలేదు.

చెప్పాల్సింది రోజూ ఆ తొడుగులే చెబుతాయి. నేను ఈ సంగతి ఇంకెప్పుడూ ఎత్తను.