కోడలి వెంబడి

నిఖిత మళ్లీ ఫోను పట్టుకుని బయటికి పోయింది. పోయి, సరిగ్గా అత్త కూర్చున్న కిటికీ అవతలే నిలబడి గుసగుసలాడింది.

"ఆఁ సార్... బుధవారం వస్త. మా అత్తమ్మకు మాత్రం తెల్వద్దు."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న దుర్గవ్వ చెయ్యి ఆగిపోయింది.

కొడుకు నరేశ్‌ది బొగ్గుబాయిలో పని. డ్యూటీకి పోయాడంటే ఇంట్లో ఏం జరుగుతోందో వాడికి తెలీదు. ఆ సందు చూసుకుని కోడలు ఏం వెలగబెడుతోందో!

కొన్నాళ్లుగా ఆ పిల్ల తీరే బాగాలేదు. అత్త విడిచిన బట్టలు తనే ఉతుకుతానని లాక్కునేది. అత్త స్నానానికి పోతే వీపు రుద్దుతానంటూ తలుపు దగ్గర తచ్చాడేది. మెడలోని బంగారు గుండ్ల మీద కన్ను పడిందేమోనని దుర్గవ్వకు అనుమానం. అప్పట్నుంచి తలుపు గడియ పెట్టుకోవడం, తన రవికెలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టింది.

పోయిన నెలలో "కరీంనగర్ పోదాం రా అత్తమ్మా" అని నిఖిత ఒకటే పోరు పెట్టింది.

"ఇల్లు ఇడిసిపెట్టి నీ ఎంట ఊర్లు తిరగాల్నా?" అని దుర్గవ్వ కసిరింది. ఆ తర్వాతే ఈ ఫోన్లు మొదలయ్యాయి.

కొడుకు చెవిన వేస్తే, "నీకు అన్నీ అనుమానాలేనే అవ్వా" అని నవ్వి ఊరుకున్నాడు.

బుధవారం పొద్దున్నే నిఖిత కొత్త చీర కట్టింది. తలనిండా పూలు పెట్టుకుంది.

"దోస్తు ఇంటికి పోయొస్త. నువ్వు ఇంట్లనే ఉండు అత్తమ్మా, ఎటూ రాకు."

ఆ మాటతో దుర్గవ్వకు ఒళ్లు మండింది. కోడలు వీధి మలుపు తిరగ్గానే ఇంటికి తాళం పెట్టి బయల్దేరింది.

లక్సెట్టిపేట బస్టాండులో కరీంనగర్ బస్సు కదలబోతోంది. నిఖిత ముందు సీట్లో ఉంది. దుర్గవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది. దారి పొడవునా కోడలు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

కరీంనగర్‌లో దిగాక నిఖిత నెమ్మదిగా నడిచింది. ప్రతి మలుపులోనూ కాసేపు ఆగింది. 'వాడి కోసమే' అనుకుంది దుర్గవ్వ పళ్లు కొరుకుతూ.

నిఖిత ఒక ఆసుపత్రిలోకి పోయింది.

లోపల బెంచీల మీద అంతా ఆడవాళ్లే. వాళ్లకు ఒక నర్సు చెబుతోంది: "గడ్డ నొప్పి లేస్తలేదని ఊకోవద్దు. రొమ్ము చర్మం బత్తాయి తొక్కలెక్క సొట్టలు పడ్డా, చనుమొన లోపలికి గుంజుకపోయినా, నీరో నెత్తురో కారినా చూపించుకోవాలె. అన్నీ క్యాన్సర్ కావు. కానీ పరీక్ష చెయ్యకుంట ఎట్ల తెలుస్తది? జల్ది వస్తే నయమైతది."

గుమ్మంలో నిలబడి విన్న దుర్గవ్వ ముఖం మీది కొంగు తీసేసింది. ఫోనులో సార్ అంటే డాక్టరా? ఇంత చిన్న వయసులో ఈ పిల్లకు ఇదేం కష్టం? తను ఎంత పాడు ఆలోచన చేసింది!

గబగబా వెళ్లి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఎన్నడు సంది బిడ్డా? నాకొక మాట చెప్పకపోతివి!"

నిఖిత అత్త చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది.

"దుర్గవ్వ ఎవరమ్మా? లోపలికి రండి."

దుర్గవ్వ రెండో చెయ్యి తనకు తెలీకుండానే ఎడమ రొమ్ము మీదికి పోయింది. ఎన్నాళ్లుగానో ఎవరి కంటా పడకుండా ఉతుక్కుంటున్న రవికెల మీది మరక అక్కడిదే.

"రమ్మంటే రావని," అంది నిఖిత కళ్లు తుడుచుకుంటూ, "నువ్వే అనుమానపడి నా ఎన్కాల వచ్చేటట్టు చేసిన అత్తమ్మా."