పడదు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు వంటింటి గోడకున్న మందుల పెట్టె గోవర్ధనానికి గులాబీ మాత్ర ఇవ్వనంది. అతని కాలి పుండులోని బ్యాక్టీరియాపై ఆ మందు పని చేయదని ప్రభుత్వ రిజిస్టరులో ఉంది. మాత్రలు ఇప్పుడు ఆ పెట్టెలో తప్ప ఎక్కడా దొరకవు. మిగిలిన మందులన్నీ వాడి చూశారు. ఇదీ లేకపోతే శుక్రవారం కాలు తీసేయాలని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ రిజిస్టరు సరిచూడడమే అతని భార్య హైమవతి ఉద్యోగం. ఆ బ్యాక్టీరియాకు ఉన్నది నిరుడు ఒక రోగి నుంచి వచ్చిన ఒక్క నమోదే; ఆమె దాన్ని తెరిచింది. అందులో రోగి పేరు ఉండదు, రోగి చెప్పిన మాట ఉంటుంది: "గులాబీ మాత్ర నాకు పడదు తల్లీ, కడుపులో తిప్పుద్ది." దాని ఎదురుగా "మందు పని చేయదు" అని రాసింది హైమవతే. అది రాసిన రోజు ఆమె అలాంటివి నాలుగు వందలు చూసింది. ఇప్పుడు చదివితే అది అత్తగారి మాటలా ఉంది.

"అత్తయ్యా, నిరుడు ఆసుపత్రిలో గులాబీ మాత్ర పడదన్నది మీరేనా?"

"నేనే. ఒకటే వాంతులు. అయినా మింగాను, పుండు మానింది. ఏం?"

"పని చెయ్యదని రాసుంది."

"ఏ తెలివైనోడు రాశాడే? తెలుగు రాదా?"

"నేనే రాశాను."

అత్తగారు కొడుకు కాలి వైపు చూసింది. "చెరిపెయ్యి మరి," అంది.

హైమవతి సవరణ పంపింది. ఆధారం లేదని తిరిగొచ్చింది. రోగి పేరు బయటపెట్టడం నిషేధమని ఆమెకు తెలుసు. రెండోసారి ఆధారంగా అత్తగారి పేరు రాసి పంపింది.

ఎనిమిదిన్నరకు జవాబు వచ్చింది. పేరు వెల్లడైనందున నమోదుకు తాళం వేశారు. విచారణకు తొంభై రోజులు పడుతుంది.

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకు గోవర్ధనం ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.