శుక్రవారం అడిగే పాట

కాలేజీ రేడియో గదికి తాళం మార్చేశారు. రికార్డుల పెట్టె మోసుకుని వెళ్లిన మా తమ్ముడు వెర్నన్, ఆ పెట్టెతోనే తిరిగొచ్చి నా వంటింట్లో కూర్చున్నాడు.

"స్టేషన్ అమ్మేశారక్కా. మాకు ఒక్క మాటైనా చెప్పలేదు."

చదువు ముగిసి ఎన్నో ఏళ్లయినా, వాడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం జీతం లేకుండా అక్కడ కూర్చునేవాడు. ఏ కంపెనీ పట్టించుకోని కుర్రాళ్లు గ్యారేజీల్లో వాయించుకున్న రాక్ పాటలు వేసేవాడు. ఎవరైనా ఫోన్ చేస్తే తనే ఎత్తి, ఊరంతా వినేలా మాట్లాడేవాడు.

వాడి కార్యక్రమం వేళ కాగానే, అలవాటుకొద్దీ రేడియో పెట్టాను. గిటార్ల మోత లేదు. మా చర్చిలో పాడే కీర్తన వచ్చింది. కొన్నది భక్తిపాటల సంస్థట.

వెర్నన్ నవ్వాడు. "దేవుడు నీ మొర ఆలకించాడు. వారం వారం ఫోన్ చేసి ఈ పాటేగా అడిగేదానివి."

"నువ్వేమనేవాడివి?"

"నీ గొంతు తెలియనట్టే, 'ఇది చర్చి కాదమ్మా, ఫోన్ పెట్టేయండి' అనేవాణ్ణి."

రేడియో కట్టేయబోయాను.

"ఉండనీ. నీకైనా దక్కింది" అన్నాడు.

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ కీర్తన నాకు రోజూ ఉన్నదే. వాడు దర్జాగా కాదంటుంటే వినాలనే ఫోన్ చేసేదాన్ని. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి, వాడు నా కోసమని సౌండు ఇంకాస్త పెంచాడు.