నడుము లోతు

“అమ్మో, నీళ్ళు ఆగుతాయంటారా మేడం?”

పొద్దుటి నుంచి ఆమె ఈ మాట అడగడం ఇది నాలుగోసారి.

యూనివర్సిటీలో వరదల విభాగం మూడో అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే సగం ఊరు కనిపిస్తుంది. ఆ సగంలో సగం ఇప్పుడు బురదనీళ్ళే. గది గోడల నిండా పటాలు, బల్లల మీద కంప్యూటర్లు, మూలన రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్న అటెండరు. ఏ వీధికి పడవ వెళ్ళాలో ఈ గదిలోంచే చెబుతున్నారు. ఉన్నవి రెండే పడవలు.

ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. వీధిలో అందరూ ఆమెను ‘అమ్మో పిన్ని’ అంటారు. ఏ మాటైనా అమ్మోతోనే మొదలుపెడుతుంది మరి. పాలు పొంగితే ఇల్లు తగలబడుతుందనుకుంటుంది. ఇళ్ళకు రంగులు వేసే మొగుడు పెద్ద నిచ్చెన తీసుకుని బయల్దేరాడంటే ఆ పూట అన్నం ముట్టదు. కూతురు తుమ్మితే చాలు, ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కుని వస్తుంది.

ఎనిమిదేళ్ళ కిందటి వరదప్పుడూ అంతే. నడుము దాటి నీళ్ళొచ్చిన ఇళ్ళు కూల్చేసి, మనుషుల్ని కొండ అవతలికి పంపించేస్తారని ఊరంతా గుప్పుమంది. చంటిపిల్లను చంకనేసుకుని వారం రోజులు కన్ను మూయలేదు. తీరా యూనివర్సిటీ వాళ్ళు వచ్చి కొలిస్తే గోడ మీది నీటి గీత నడుము దగ్గరే ఉంది. ఇల్లు దక్కింది. వీధి దక్కింది.

ఆ చంటిపిల్లకే ఇప్పుడు తొమ్మిదేళ్ళు. నిన్న సాయంత్రం వీధిలోని పిల్లలందరినీ ముందుగా కొత్త స్కూలుకు పంపించారు. అది మునగని చోటని ఈ విభాగం వేసిన పటమే చెప్పింది. పెద్దవాళ్ళు సామాను సర్దుకునేలోపు స్కూలు దారి మునిగిపోయింది. వాళ్ళను ఇటు తెచ్చి పడేశారు. స్కూలుకు మేడ లేదు. రేకుల కప్పు.

“మళ్ళీ వచ్చావా పిన్నీ?” అన్నాడు అటెండరు. పక్క వీధివాడే. “నువ్వు భయపడినంత జోరుగా నీళ్ళు కూడా రాలేవు!”

ప్రొఫెసర్ మేడం నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా వరదల వెంట తిరిగిన మనిషి. నిద్రలేక కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అయినా విసుక్కోకుండా కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

“చూడండమ్మా. ఇప్పుడు నదిలో వస్తున్నది సరిగ్గా అప్పటంత నీరే. అప్పుడు మీ వీధిలో నడుము లోతు. ఆ లెక్క చూసే స్కూలు గచ్చు అంతకన్నా జానెడు ఎత్తు కట్టించారు. మీ పాప కాళ్ళు కూడా తడవవు.”

“ఒక్క పడవ అటు పంపితే మీ సొమ్మేం పోయింది మేడం?”

“రెండూ ఆసుపత్రి వీధికి వెళ్ళాలి. అక్కడ మంచం దిగలేనివాళ్ళున్నారు.”

“అప్పటి లెక్క తప్పేమో?”

“తప్పా!”

మేడం ఆమె చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దం బిగించిన ఫోటో. అందులో సున్నం వేసిన గోడ, గోడ మీద బురద గీత, పక్కనే నిలబెట్టిన కొలబద్ద.

“మీ ఇంటి లోపలి గోడ, గుర్తుపట్టారా? బయటి గోడల మీది మరకలన్నీ తర్వాతి వానకు కడుక్కుపోయాయి, లోపలివి మిగతా ఇళ్ళవాళ్ళు కడిగేసుకున్నారు. మీ వీధి మొత్తానికి మిగిలింది ఈ గీత ఒక్కటే. ఇరుగుపొరుగు కూడా నడుము లోతే అన్నారు. టేపు ఒక కొస పట్టుకున్నది మీరే కదా! ఇంత తిన్నటి గీత నేనింకెక్కడా చూడలేదు. ఏటా స్టూడెంట్లకు దీన్ని చూపించే పాఠం చెబుతాను. మనుషులు చెప్పొచ్చు గానీ, నీళ్ళు అబద్ధం చెప్పవమ్మా.”

ఆమె ఫోటో వంక చూసి చప్పున తల తిప్పుకుంది.

“ఇళ్ళు... ఇప్పుడు కూడా కూలుస్తారా మేడం?”

“పిల్ల గురించి అడుగుతూ మధ్యలో ఇల్లెందుకు పిన్నీ?” అన్నాడు అటెండరు. “ఒక భయం అయ్యాక ఇంకోటి మొదలుపెట్టు.”

అంతలో ఫోను మోగింది. స్కూల్లో పిల్లలతో ఉన్న టీచరు. అటెండరు స్పీకరు నొక్కాడు.

“నీళ్ళు గచ్చు మీదికి వచ్చేశాయండీ! పిల్లల్ని బెంచీలు ఎక్కించాను. చిన్నవాళ్ళు నిలబడలేక...”

వెనక ఏడుపులు. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ చేస్తే కలవలేదు.

మేడం పటం మీదికి వంగింది. వేలితో మీదినుంచి కిందికి ఒకసారి, కిందినుంచి మీదికి ఒకసారి వెతికింది.

“అలా జరగడానికి వీల్లేదు. పక్క కాలవ పొంగి ఉంటుంది. అంగుళమో రెండంగుళాలో వచ్చి దిగిపోతాయి.” అటెండరు వైపు తిరిగింది. “పడవలు?”

“బయల్దేరాయి మేడం. ఆసుపత్రి వైపే.”

“వెళ్ళనివ్వు.”

కిటికీ అవతల రెండు పడవలూ ఎడమకు తిరిగాయి. స్కూలు కుడివైపు.

అమ్మో పిన్ని ఈసారి అమ్మో అనలేదు. గోడ దగ్గరికి వెళ్ళి ఫోటోను మేకు నుంచి ఊడదీసింది. తెచ్చి మేడం ముందు, పటానికి అడ్డంగా పెట్టింది. చెయ్యి పైకెత్తి, తన తలకు మూరెడు పైన గాల్లో ఆపింది.

“అప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి మేడం, ఆ గీత మా ఆయన బ్రష్షుతో నేను గీసింది.”