తెర కుడి అంచు

"నలభై నిమిషాలు టైము. ఆట మొదటి భాగం ఆడండి. తెర ఏ కొలతలో పెట్టుకుంటారో మీ ఇష్టం. గమనించింది ఈ కాగితం మీద రాయండి. మీరు ఇద్దరు, ఉద్యోగం ఒక్కటే," అని చెప్పి వీడియో గేముల కంపెనీ మేడమ్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

తెరల మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పక్క బల్ల దగ్గర రెండో అభ్యర్థి, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆవిడ, తీరిగ్గా కాగితానికి మార్జిన్ గీసుకుంటోంది. ఆమెను చూస్తే మాస్టారుకి జాలేసింది. తెరల వ్యవహారం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. తను పనిచేసే గేమింగ్ సెంటర్లో ఎవరి తెర మీద మనుషులు బొద్దుగా సాగిపోయినా, ఎవరి ఆటకి రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చినా ఆయన్నే కేకేస్తారు. చుట్టాలింటికి వెళ్ళినా కుశలప్రశ్నల కంటే ముందు వాళ్ళ టీవీ కొలత సరిచేస్తాడు. ఆ సెంటర్ ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు కాబట్టి ఈ ఉద్యోగం రాకపోతే కుదరదు. ఆట ఏ తెర మీద ఎలా కనబడుతుందో పరీక్షించే పని. అది తన కోసమే పుట్టిందని ఆయన గట్టి నమ్మకం.

భార్య మాత్రం గుమ్మం దాకా వచ్చి, "చూసింది చూసినట్టు చెప్పి రండి. దానికి మసాలా దట్టించకండి," అని మరీ పంపింది. కూరగాయలకి వెళ్ళొచ్చినా అరగంట కథ చెబుతాడని ఆమె బాధ.

ఆట ఒక హత్య కథ. పెద్ద ఇల్లు. హాల్లో ముసలాయన చనిపోయి పడున్నాడు. చుట్టూ కొడుకు, కోడలు, డాక్టరు. వెడల్పాటి తెరే ఇచ్చారు గానీ, బొమ్మ మాత్రం అందరూ ఆడే పదహారుకి తొమ్మిది కొలతలో, అంటే వెడల్పు పదహారైతే ఎత్తు తొమ్మిదిగా, మధ్యలోనే ఉంది. మాస్టారు సెట్టింగుల్లోకి వెళ్ళి ఇరవై ఒకటికి తొమ్మిది చేశాడు. నల్లపట్టీలు పోయి బొమ్మ రెండు పక్కలకీ విచ్చుకుంది.

కుడి అంచున, గోడ వారగా, తెల్లటోపీ పెట్టుకుని కత్తి పట్టుకున్న వంటమనిషి నిలబడి ఉన్నాడు. కదలడు, రెప్ప వెయ్యడు. మాస్టారు మళ్ళీ మామూలు కొలత పెట్టాడు. వంటమనిషి లేడు. వెడల్పు చేశాడు. ఉన్నాడు.

కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాడాయన. ఇలాంటివి ఎన్ని చూడలేదు! ఆట తయారుచేసేవాళ్ళు ఒక్కోసారి, తర్వాత రావలసిన పాత్రని ముందే తెచ్చి తెర అవతల నిలబెట్టేస్తారు. వెడల్పు తెర ఉన్నవాడు తొంగిచూస్తాడన్న సంగతి మరిచిపోతారు. అంటే హంతకుడు తన వంతు కోసం అక్కడ కాచుకుని ఉన్నాడన్నమాట.

ఉన్నదున్నట్టు రాసేస్తే? రాయొచ్చు. అంచున ఎవడో కనబడుతున్నాడని రాస్తే, మంచి కళ్ళే అంటారు. కళ్ళు ఎవరికైనా ఉంటాయి. అదే హంతకుణ్ణి బుర్రతో పట్టుకున్నానంటే ఆ లెక్కే వేరు. అంతే, అక్కడి నుంచి పాత్రల మాటలన్నీ గబగబా దాటేస్తూ, వంటింట్లో ఆధారాలు ఏరుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. కాగితం రెండు వైపులా నింపాడు. లేచేముందు సెట్టింగులు మొదట ఉన్నట్టే చేసి పెట్టాడు. పక్కావిడ ఎప్పుడో ఒక్క వాక్యం రాసి, పెన్ను మూత పెట్టేసి కూర్చుంది. పాపం అనుకున్నాడు.

మేడమ్ మొదట ఆవిడతో మాట్లాడి పంపించి, తర్వాత ఈయన్ని లోపలికి పిలిచింది.

"హంతకుడు వంటమనిషి," అన్నాడు మాస్టారు కూర్చుంటూనే.

మేడమ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఎలా చెప్పగలిగారు?"

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పొయ్యి మీద గిన్నె ఇంకా పొగలు కక్కుతోంది కాబట్టి వండేవాడు ఎక్కడికీ పోలేదు. కత్తుల స్టాండులో ఒకటి తక్కువైంది. గుమ్మం దగ్గర పిండి అంటిన అడుగుజాడ ఉంది, అది కోడలి పాదమంత చిన్నది కాదు. ఆ అడుగు నిజంగా ఉందో లేదో ఆయనకే సరిగ్గా గుర్తులేదు గానీ, ఉంటేనే బాగుంటుందనిపించింది. చెబుతున్నకొద్దీ తన మాట మీద తనకే గురి కుదిరింది. వంటమనిషికి జీతం పెంచని ముసలాయన మీద కాస్త కోపం కూడా వచ్చింది.

మేడమ్ అంతా ఓపిగ్గా విని, "తెర ఏ కొలతలో పెట్టుకున్నారు?" అని అడిగింది.

భార్య అన్న మాట చెవిలో మోగింది. ఆయన పట్టించుకోలేదు. "మామూలు కొలతేనండి. సెట్టింగుల జోలికే పోలేదు. బుర్ర ఉన్నవాడికి ఏ తెరైనా ఒకటే."

మేడమ్ కాసేపు ఆయన వైపే చూసింది. ఆ చూపులో జాలి ఉంది. మాస్టారు దాన్ని ఆశ్చర్యం అనుకుని, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో ఆలోచించడం మొదలుపెట్టాడు.

"ఆటలో మేం కావాలనే ఒక తప్పు వదిలామండీ," అంది మేడమ్. "పట్టుకుని చెప్పినవాళ్ళకే ఉద్యోగం. ఇందాక ఆవిడ చెప్పేశారు." పక్కనున్న కాగితం తీసి ఆయన ముందుకు జరిపింది.

తిన్నగా గీసిన మార్జిన్ పక్కన ఒక్కటే వాక్యం ఉంది: "తెర వెడల్పు చేస్తే కుడి అంచున ఒక వంటమనిషి కనబడుతున్నాడు, తీసేయండి; ఈ ఇంట్లో వంట చేసేది కోడలు, కథలో అసలు వంటమనిషే లేడు."