మింగేసిన ‘ర’

“చివర ‘ర్’ పలకాలమ్మా! లాండౌ కాదు, లాండౌర్. ఎనిమిది నెలలు ఈ దేశంలో ఉండేసరికి నీక్కూడా జర్మన్ వాళ్ళలాగా చివరి ‘ర’ మింగెయ్యడం అలవాటైపోయింది” అన్నాడు జాన్‌బాబు, లాప్‌టాప్ టపీమని మూస్తూ.

ఏసుకుమారి చేతిలో ఊలు పక్కన పెట్టింది. “ఏదోలే నాయనా. శనివారం నా విమానం. ఈలోగా ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళు. ఇంకేం అడగను.”

మళ్ళీ అదే! పది రోజులుగా పొద్దున కాఫీతో మొదలుపెట్టి రాత్రి ప్రార్థన దాకా అదే పాట. జాన్‌బాబుకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆశపెట్టింది తనే, ఎవర్నని ఏం లాభం? నాన్న బాపట్లలో మిషన్ ఆస్పత్రి కాంపౌండరు. పెళ్ళికి ముందు ఓ వేసవిలో డాక్టరు దొరగారి వెంట ముస్సోరీ కొండమీది లాండౌర్ చూసొచ్చాడు. “నిన్నూ తీసుకెళ్తానే కుమారీ” అని బతికినన్నాళ్ళూ అంటూనే ఉన్నాడు. ఆ మాట నేను నిలబెడతానన్నాడు జాన్‌బాబు. ఫిబ్రవరిలో అమ్మని జర్మనీలో తనుండే ఊరు డెగ్గెన్‌డార్ఫ్ రప్పించుకుని, ఏప్రిల్లో తనే వెంట వెళ్ళి ముస్సోరీ చూపించి బాపట్లలో దింపి రావాలని టికెట్లు కొన్నాడు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పడింది. టికెట్లు క్యాన్సిల్. ఆగస్టులో మళ్ళీ కొంటే మళ్ళీ క్యాన్సిల్. అమ్మ వీసా పొడిగింపుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికేసరికి ప్రాణం తోకకొచ్చింది. తీరా ఇప్పుడు అక్టోబరులో సీటు దొరికితే, అది ఆమె ఒక్కదానికే. తనకి సెలవు లేదు.

“అమ్మా, మళ్ళీ చెప్తున్నా విను. నేనొస్తే తిరిగొచ్చాక పద్నాలుగు రోజులు క్వారంటీన్. ఆఫీసులో ఒప్పుకోరు. అక్కడ చూస్తే టెస్టులు, రిజిస్ట్రేషన్లు. ఢిల్లీ నుంచి కొండెక్కడానికే ఎనిమిది గంటలు!”

“ఎనిమిది గంటలేమిట్రా? ముప్పావు గంటేనని గిరిజ చెప్పిందే!”

గిరిజ పై అంతస్తులో ఉండే తెలుగమ్మాయి. అమ్మకి ఫోన్ వాడడం నేర్పింది ఆవిడే.

“ముప్పావు గంటలో హిమాలయాలా? బాగానే పెట్టింది నీ చెవిలో పువ్వు!”

ఏసుకుమారి కొడుకు మొహం చూసి, పక్కన పెట్టిన ఊలు ఒళ్ళోకి లాక్కుంది.

గురువారం సాయంత్రం జాన్‌బాబుకి ఓ ఉపాయం తట్టింది. అమ్మని సోఫాలో కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, టీవీలో ముస్సోరీ వీడియోలు పెట్టాడు.

“ఇదిగో కెంప్టీ జలపాతం. ఇది గన్ హిల్, తాడు మీద డబ్బాలో కూర్చుని వెళ్తారు. ఇదే లాల్ టిబ్బా, నాన్న దుర్భిణి పట్టుకుని ఫోటో దిగింది ఇక్కడే. ఆ వెనకాల మంచుకొండలు చూడు! ఇది చార్ దుకాన్.”

“అంటే?”

“నాలుగు కొట్లు.”

“నాలుగు కొట్లు చూడ్డానికి అంత కొండెక్కుతారా జనం?” అంటూ ఆమె మళ్ళీ ఊలు సూదులు అందుకుంది. మంచుకొండల వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

జాన్‌బాబుకి ఒళ్ళు మండిపోయింది. “చూడాలంటావు, చూపిస్తే చూడవు! ఇంతకీ ఆ అల్లికేమిటి?”

“టోపీ. చలికాలం వస్తోందిగా.”

అతను లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు. అది నడినెత్తి మీద గిన్నెలా నిలబడింది. “ఇదెవరి తలకి పడుతుందే? నీ కళ్ళజోడు మార్పించాలి.”

“పట్టకపోతే పోనీలే, ఇలా తే” అని ఆమె గబుక్కున లాగేసుకుంది.

అరిచినందుకు కాసేపటికి అతనికే బాధేసింది. అమ్మని బుజ్జగిద్దామని ఆమె వెంట తెచ్చుకున్న ఆల్బమ్ తీసి, లాల్ టిబ్బా దగ్గర నాన్న ఉన్న పేజీ తెరిచాడు. పక్కనే ఖాళీ, జిగురు మరక. అక్కడ చెల్లెలు లిండా ఫోటో ఉండేది. ఆమెని చదివిస్తానని ఈ ఊరు తెచ్చింది అతనే. రెండేళ్ళ కిందట తనతో ఒక్క మాటైనా చెప్పకుండా సృజన్ అనే క్లాస్‌మేట్‌ని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికని అతను కనుక్కోలేదు. అమ్మ ఆల్బమ్ తెచ్చిన రోజే ఆ ఫోటో పీకేసి, “దాని పేరెత్తితే నామీద ఒట్టే” అన్నాడు. ఏసుకుమారి ఎత్తలేదు. జాన్‌బాబు ఆల్బమ్ మూసేసి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున లేచేసరికి అమ్మ జరీచీర కట్టుకుని, పైన స్వెటర్ వేసుకుని, మాస్కు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో సంచి.

“ఎక్కడికమ్మా?”

“లాండౌ. నువ్వు రాకపోతే నేనే పోతాను.”

“అయ్యో దేవుడా! ముస్సోరీకి నడిచి పోతావా? చంపుకు తింటున్నావు కదే నన్ను! నాకు మాత్రం నీకు చూపించాలని లేదా?”

ఆమె ఓ కాగితం చేతికిచ్చింది. గిరిజ కొనిచ్చిన రైలు టికెట్. ఇద్దరికి. ప్లాట్‌లింగ్‌లో రైలు మారాలి, ఆ తర్వాత లాండౌ. జాన్‌బాబు రెండుసార్లు చదివాడు. చివర ‘ర’ లేదు.

“ఇది మన పక్క ఊరమ్మా!” నవ్వాలో ఏడవాలో తెలియలేదు అతనికి. “పది రోజులు నన్ను కాల్చుకు తిన్నది దీనికోసమా? అక్కడ జలపాతం లేదు, మంచుకొండా లేదు, నాన్న ఫోటో దిగిన చోటు అసలే కాదు. ఏముందని వెళ్ళడం?”

ఏసుకుమారి సంచిలోంచి ఆ చిన్న టోపీ తీసి కొడుకు అరచేతిలో పెట్టింది.

“లిండా కూతురుంది నాయనా.”